పెద్ద విమానం తీసి చిన్నది వేస్తే ఎవరికి లాభం?

విజయవాడ–హైదరాబాద్ లాంటి దగ్గరి మార్గాల్లో 180 సీట్ల ఎయిర్‌బస్ జెట్ తీసి, పంకాలతో ఎగిరే 78 సీట్ల ఏటీఆర్ వేయడం సబబేనా అన్నది ఇక్కడి వాదం. ఒక వైపు బాబాయి. ఆటోనగర్‌లో విడిభాగాల టోకు వ్యాపారి, గన్నవరంలో తరచూ విమానం ఎక్కే మనిషి. రెండో వైపు ఆయన అన్నగారి అమ్మాయి సుధ. ఏ మార్గానికి ఏ విమానం వేయాలో లెక్కలు కట్టడం ఒక విమానయాన సంస్థలో ఆమె ఉద్యోగం. మనుషులు కల్పితం, విమానాల సంగతులు కావు. నేను తీర్పరిని కాను గానీ, నోరు మూసుకుని కూర్చునే రకాన్ని కూడా కాను.

బాబాయి: సుధా, సాయంత్రం వచ్చే ఎయిర్‌బస్ తీసేసి ఆ పంకాల విమానం వేశారు. ఆర్టీసీ వాళ్లు సూపర్ లగ్జరీ తీసి పల్లెవెలుగు వేసి, టికెట్ మాత్రం పెంచినట్టుంది. ఇదేమి న్యాయమమ్మా?

సుధ: ఏ సంస్థ వేసిందన్నది పక్కన పెట్టండి బాబాయ్. ఆ ఎయిర్‌బస్‌లో మంగళ, బుధవారాల్లో మీ చుట్టూ ఎన్ని సీట్లు ఖాళీగా ఉండేవో చూశారా?

బాబాయి: చూశాను. కాళ్లు చాపుకుని కూర్చున్నాను కూడా.

సుధ: ఆ కాళ్లు చాపుకున్న సీట్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. మేము ఖర్చును రెండు రకాలుగా చూస్తాం. విమానం ఒకసారి ఎగిరి దిగడానికి అయ్యే మొత్తం ఒకటి. దాన్ని సీట్లతో భాగిస్తే వచ్చేది ఇంకొకటి. సీటు లెక్కన చూస్తే ఎయిర్‌బస్సే చవక, అందులో సందేహం లేదు. అయితే ఆ చవకతనం సీట్లు నిండినప్పుడే. 180 సీట్లలో 80 మందే కూర్చుంటే నిండా నింపితే 78 టన్నులు తూగే విమానాన్ని లేపిన ఖర్చంతా ఆ 80 మంది నెత్తిన పడుతుంది. ఏటీఆర్ బరువు నిండా నింపినా 23 టన్నులు. ఇంత దగ్గరి దూరానికి అది తాగే ఇంధనం ఎయిర్‌బస్ తాగే దానిలో సగం కూడా ఉండదు. పోనీ వేగం చూద్దామా? ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల చిల్లర వేగంతో పోతుంది, జెట్ 800 దాటుతుంది. కానీ హైదరాబాద్ దాకా వెళ్లే లోపు జెట్ పైకెక్కడం, కిందికి దిగడమే సరిపోతుంది. మీకు మిగిలేది పది నిమిషాలు.

బాబాయి: వేగం గురించి నేను అడిగానా? సీట్ల గురించి అడుగుతున్నాను. ఒక ఎయిర్‌బస్ తీసి రెండు ఏటీఆర్‌లు వేస్తే నేను నోరెత్తను. ఒకటి తీసి ఒకటే వేశారు. 180లోంచి 78 తీసేస్తే 102. ఆ నూట రెండు సీట్లూ ఎటు పోయాయి? మంగళవారం ఖాళీ అన్నావు, బాగుంది. శుక్రవారం సాయంత్రం సంగతేమిటి? ఆదివారం రాత్రి? సరుకు తక్కువుంటే ధర పెరుగుతుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నలభై ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే. పైగా ఆ వేళకు ఇంకో సంస్థ విమానం లేదు. ఇది పొదుపు కాదు సుధా, కొరత సృష్టించడం.

(బాబాయి చెప్పిన వాటిలో గట్టి మాట ఇదే. సుధ వెంటనే జవాబు చెప్పకుండా నీళ్లు తాగింది.)

సుధ: ఒకటికి ఒకటే వేయడాన్ని నేను సమర్థించను. చిన్న విమానం వేసేది ట్రిప్పులు పెంచడానికి. ఉదయం ఏడింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి ఉంటే మీరు పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇంట్లో భోంచేస్తారు. రోజుకు ఒక్క పెద్ద విమానం ఉంటే హోటల్ గది అద్దె కట్టుకోవాలి.

బాబాయి: ఉద్దేశం మంచిదే. అమలే కనబడటం లేదు. సరే, ప్రయాణం సంగతి చూడు. మే నెల మధ్యాహ్నం గన్నవరంలో ఆ విమానం ఎక్కి కూర్చో. తలుపు వెనక వైపు ఒక్కటే. మనుషులంతా ఇరుకు దారిలో వరస కట్టి ముందుకు నడిచేలోపు చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. తల పైన అరలో మామూలు చక్రాల పెట్టె పట్టదు, దాన్ని మెట్ల దగ్గరే లాగేసుకుంటారు. కుడి పక్క ఇంజన్ మోగుతూనే ఉంటుంది, పంకా మాత్రం కదలదు. పక్క సీటాయన ఆంజనేయ దండకం అందుకున్నాడు.

సుధ: దండకం అక్కర్లేదు బాబాయ్. జెట్ విమానానికి తోకలో ఒక చిన్న సహాయక ఇంజన్ ఉంటుంది, నేల మీద ఉన్నంతసేపూ కరెంటు, చల్లగాలి దాని నుంచే వస్తాయి. ఏటీఆర్‌లో బరువు తగ్గించడానికి అది పెట్టలేదు. బదులుగా కుడి ఇంజన్‌ను నడుపుతూ దాని పంకాకు బ్రేకు వేసి ఉంచుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. మే నెల ఎండలో నిలబడ్డ విమానాన్ని ఆ కాస్త గాలి సరిగ్గా చల్లబరచలేదు, ఆ మాట నిజమే. లేచిన కాసేపటికి సర్దుకుంటుంది. కానీ ఒకటి ఒప్పుకోండి. వరసకు అటు రెండు, ఇటు రెండు సీట్లే కాబట్టి మధ్య సీటు బాధ లేదు. పిన్నికి మోకాళ్ల నొప్పులు కదా, ఎయిర్‌బస్‌కు నిచ్చెన వేస్తే ఎన్ని మెట్లు? ఏటీఆర్‌కు తలుపే మెట్లు, అరడజను ఎక్కితే లోపల ఉంటారు.

బాబాయి: ఆ అరడజను మెట్ల దగ్గరికి చేరడానికి ఎండలో బస్సెక్కించి తిప్పుతారు, అది చెప్పవేం? ఇంకా, వానాకాలంలో మబ్బుల మధ్య అది ఊగే ఊపు ఉంది చూడు...

సుధ: అది నిజం. ఏటీఆర్ 25 వేల అడుగులు దాటి ఎక్కలేదు, మబ్బుల పైకి పోయి తప్పించుకోలేదు. పక్క నుంచి చుట్టూ తిరిగి పోవాల్సిందే.

బాబాయి: పోఖరాలో 2023 జనవరిలో 72 మంది పోయారు. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో 62 మంది. రెండూ ఈ రకం విమానాలే కదా?

సుధ: అవును. పోఖరాలో రెక్కల వెనక పలకలు (ఫ్లాప్‌లు) దించే లివర్ బదులు ఇంజన్ పంకాల లివర్లు లాగేశారని, దాంతో రెండు ఇంజన్ల తోపుడూ పోయిందని విచారణలో తేలింది. బ్రెజిల్‌ది మంచు పేరుకునే వాతావరణంలో ఎగురుతూ అదుపు తప్పి పడింది. శిక్షణ గురించి, వాతావరణం గురించి అడగండి, జవాబు చెప్పాల్సిందే. పంకాలు బయటికి కనిపిస్తాయి కాబట్టి పాతకాలపు విమానం అనుకోవద్దు. లోపల ఉన్నది జెట్ ఇంజన్ లాంటి టర్బైనే.

బాబాయి: భయం సంగతి వదిలెయ్. డబ్బు దగ్గరికి వద్దాం. 80 సీట్ల లోపు విమానానికి దిగినందుకు కట్టే ఫీజు లేదట, నిజమేనా?

సుధ: నిజమే. దేశీయ సర్వీసుల్లో 80 సీట్ల కంటే తక్కువున్న విమానానికి ల్యాండింగ్ ఛార్జీ మాఫీ. ఇంకోటి కూడా ఉంది. విమాన ఇంధనం జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రాలే అమ్మకం పన్ను వేస్తాయి. కొన్ని రాష్ట్రాల్లో అది పాతిక శాతం దాటిన రోజులున్నాయి. కానీ 40 వేల కిలోల లోపు విమానాలకు పోసే ఇంధనాన్ని కేంద్ర అమ్మకం పన్ను చట్టం ప్రత్యేక సరుకుల జాబితాలో పెట్టింది. దాని మీద రాష్ట్రాలు నాలుగైదు శాతానికి మించి వేయకూడదు.

బాబాయి: అదీ అసలు కథ! మంగళవారం, బుధవారం అని నాకు కబుర్లు చెప్పావు. ఫీజు తప్పుతుంది, పన్ను తప్పుతుంది, అందుకే చిన్నది వేస్తున్నారు.

సుధ: రాయితీ ఇచ్చిందే అందుకు బాబాయ్, చిన్న ఊళ్లకు విమానం రావాలని. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం మొదలైన రోజున కడప–హైదరాబాద్ విమానం లేచింది, ఏటీఆరే. కర్నూలుకు 2021లో ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చింది, ఏటీఆర్‌తోనే మొదలైంది. కడపకు ఎయిర్‌బస్సే కావాలని పట్టుబడితే కడపకు ఏ విమానమూ రాదు.

బాబాయి: కడపకు వేస్తే దండం పెడతాను. ఆ రాయితీ పట్టుకుని విజయవాడలో ఉన్న పెద్ద విమానం తీసేయడం ఏమిటి? విమానం లేని ఊరికి ఇచ్చిన సాయాన్ని విమానం ఉన్న ఊరిలో సీట్లు కోయడానికి వాడుకుంటున్నారు.

(నేనైతే ఇక్కడ బాబాయి పక్షం. ఆ రాయితీకి మార్గంతో పని లేదు, విమానం బరువుతోనూ సీట్లతోనూ పని. లొసుగు అక్కడే ఉంది.)

సుధ: అంత దోచుకుంటుంటే చిన్న విమానాల సంస్థలన్నీ కోటీశ్వరులై ఉండాలి. మన విజయవాడ సంస్థే ఉంది కదా, ఎయిర్ కోస్టా. 2013 అక్టోబరులో మొదలైంది. ఎంబ్రాయర్ అనే బ్రెజిల్ కంపెనీ చిన్న జెట్‌లు నడిపింది, 67 సీట్లవి, 112 సీట్లవి. మరుసటి ఏడాదే 50 కొత్త ఎంబ్రాయర్ జెట్‌లకు ఆర్డరు ఇచ్చింది. 2017 ఫిబ్రవరికల్లా విమానాలు ఆగిపోయాయి, ఆ యాభైలో ఒక్కటీ రాలేదు. అంతకుముందు తమిళనాడు నుంచి పారమౌంట్. అదీ ఎంబ్రాయర్లతోనే వచ్చింది, ఈ పన్ను రాయితీనే నమ్ముకుంది. 2005లో మొదలై 2010లో మూతపడింది. హైదరాబాద్ ట్రూజెట్ ఏటీఆర్‌లు 2015 నుంచి 2022 ఫిబ్రవరి దాకా ఎగిరాయి. లాభాలు ఎక్కడున్నాయి?

బాబాయి: ఎయిర్ కోస్టాలో నేను వెళ్లాను. మన ఊరి పేరు చెప్పుకునే విమానం అని గర్వంగా ఉండేది. అది పోయినప్పుడు పోటీ కూడా పోయింది. నువ్వు చెప్పినవన్నీ ఏమి చెబుతున్నాయంటే, చిన్న సంస్థలు చిన్న విమానాలతో చచ్చిపోయాయి. ఇప్పుడు పెద్ద సంస్థ అదే చిన్న విమానం వేస్తుంటే అడ్డు చెప్పేవాడు లేడు. మా పెద్దవాడు ఒహాయోలో టొలీడో దగ్గర ఉంటున్నాడు. వాడి ఊరికీ చిన్న విమానాలు వేశారు. తర్వాత అవీ తీసేశారు. ఇప్పుడు డెట్రాయిట్ దాకా కారు తోలుకుపోతున్నాడు.

సుధ: (కాసేపు ఆలోచించి) నా వాదనకు అమెరికా అడ్డమే, దాచను. 1993లో అక్కడ కామైర్ అనే సంస్థ 50 సీట్ల కెనడా జెట్‌లు తెచ్చింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. 2001 తర్వాత ప్రయాణికులు తగ్గినప్పుడు పెద్ద సంస్థలు ఊరూరా పెద్ద జెట్‌లు తీసి ఈ బుల్లి జెట్‌లు వేశాయి. నడిపేది వేరే కాంట్రాక్టు సంస్థ, పైలట్ల జీతాలు తక్కువ. 2008లో చమురు ధర మండేసరికి 50 సీట్ల జెట్ గిట్టుబాటు కాకుండా పోయింది. కామైర్ 2012లో మూతపడింది. మధ్యలో 2009లో బఫెలో దగ్గర కోల్గన్ అనే ఇలాంటి కాంట్రాక్టు సంస్థ నడిపిన విమానం కూలి 50 మంది పోయారు. పైలట్ల అలసట, శిక్షణ అందరి నోళ్లలో పడ్డాయి. ఆ తర్వాత సహ పైలట్‌కు కూడా 1,500 గంటల అనుభవం ఉండాలని నిబంధన తెచ్చారు. 2022లో పైలట్లు చాలక అమెరికన్ ఎయిర్‌లైన్స్ టొలీడో, డ్యుబ్యూక్, ఇథాకా ఊళ్లు వదిలేసింది.

బాబాయి: నా మాట నువ్వే గెలిపించావు.

సుధ: సగమే. అక్కడ వేసింది 50 సీట్ల జెట్, ఇంధనం జెట్‌లా తాగుతుంది, సీట్లు బస్సులా ఉంటాయి. ఏటీఆర్ లెక్క వేరు. ఇంకా, మన రాజమండ్రి చూడండి. మధురపూడిలో రన్‌వే 1,749 మీటర్లు ఉన్నంతకాలం పెద్ద జెట్ దిగే ప్రశ్నే లేదు. చిన్న విమానాలే ఏళ్ల తరబడి జనాన్ని మోశాయి. రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా ఎయిర్‌బస్‌లు వచ్చాయి. చిన్నది వచ్చి గిరాకీ చూపిస్తేనే పెద్దది వస్తుంది.

బాబాయి: అది చిన్నది ముందొచ్చిన ఊరు. నాది పెద్దది పోయిన ఊరు.

సుధ: అదీ నిజమే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మా ఆఫీసులో అందరికీ తెలిసిందే. ముంబయి లాంటి చోట విమానం దిగడానికి కేటాయించే వేళ బంగారం. అక్కడ ఏటీఆర్ దింపితే 78 మందికి ఒక వేళ ఖర్చయిపోతుంది, ఎయిర్‌బస్ అయితే 180 మందికి. అందుకే రద్దీ విమానాశ్రయాలకు చిన్నది వేయడం దేశానికి కూడా దండగ. హైదరాబాద్‌కు ఇంకా ఆ పరిస్థితి రాలేదు.

బాబాయి: సంక్రాంతి సంగతి చెప్పనేలేదు నువ్వు. భోగికి మూడు రోజుల ముందు టికెట్ ధర చూస్తే అంత డబ్బుకు కోడిపందెమే నయం అనిపిస్తుంది.

సుధ: ఏడాదంతా సంక్రాంతి ఉండదు కదా బాబాయ్.

బాబాయి: ఏడాదంతా మంగళవారం కూడా ఉండదు. సరే, బేరం మాట్లాడుకుందాం, రాసుకో. ఒక మార్గంలో పెద్దది తీసి చిన్నది వేస్తే వారానికి ఉన్న మొత్తం సీట్లు మునుపటి కంటే తగ్గకూడదు. తగ్గితే ఆ మార్గంలో ఇంధనం పన్ను రాయితీ, ఫీజు మాఫీ రెండూ రద్దు. విమానమే లేని ఊరికి కొత్తగా వేస్తే ఈ షరతు ఉండదు.

సుధ: మొత్తం సీట్లు అంటే మంగళవారం ఖాళీ సీట్లను కూడా మళ్లీ మోయమంటున్నారు. ఎక్కినవాళ్ల సంఖ్యకు ముడిపెట్టండి. గత ఏడాది ఎంతమంది ఎక్కారో చూసి, దానికి పది శాతం ఎక్కువ సీట్లు ఉంచాలి.

బాబాయి: పది చాలదు. పాతిక.

సుధ: ఇరవై. రోజుకు కనీసం రెండు ట్రిప్పులు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

బాబాయి: సంక్రాంతికి, దసరాకు ఎయిర్‌బస్ తిరిగి రావాలి.

సుధ: రెండు వారాలు చొప్పున, సరే.

బాబాయి: అయితే ఒప్పుకున్నట్టేనా?

సుధ: నేను ఒప్పుకున్నాను బాబాయ్. మా సంస్థ ఒప్పుకోదు.

బాబాయి: మీ సంస్థను ఎవరడిగారు? రాయితీ ఇచ్చేది ప్రభుత్వం కదా!