వరదగారికి ఒక విన్నపం

విశ్వవిద్యాలయాల్లో ప్లానింగు, ఆర్కిటెక్చరు చదివే పిల్లలు చిన్న ఊళ్లకు వెళ్లి, ఆ ఊళ్లు వరదనూ గాలివాననూ తట్టుకునేలా పథకాలు గీసి ఇస్తున్నారు. మెచ్చుకోవలసిన ఏర్పాటు. ఇందులో లోపం ఒక్కటే ఉంది. అది పిల్లలది కాదు, ఊళ్లది కాదు, వరదది. సెమిస్టరు పదహారు వారాలేనని తెలిసి కూడా ఆవిడ పదిహేడో వారంలో వస్తుంది.

పదహారు వారాలంటే తక్కువేమీ కాదు. మొదటి రెండు వారాలు ఊరి పేరు సరిగ్గా పలకడం నేర్చుకోవడానికి పోతాయి. తర్వాత సర్వే. ఆపైన మిడ్‌ టర్మ్ పరీక్షలు. ఆ పది రోజులూ ఊరు తన కష్టాలను కాస్త పక్కన పెట్టుకోవాలి. మిగిలిన కాలంలో ఊరి నూరేళ్ల భవిష్యత్తు తేల్చేసి, స్పైరల్ బైండింగు చేయించవచ్చు.

ముందుగా అందరినీ వేధించేది మాట. దెబ్బను తట్టుకునే ఈ గుణాన్ని ఇంగ్లీషులో ‘రెజిలియన్స్’ అంటారు. తెలుగులో ఏమనాలి? నిఘంటువు చూసినవారు స్థితిస్థాపకత అన్నారు. బడిలో చదువుకున్నదే: సాగదీసి వదిలితే మునుపటి ఆకారానికి వచ్చే గుణం. (రబ్బరు కంటే ఉక్కుకే అది ఎక్కువని చెప్పి మాస్టారు మనల్ని బోల్తా కొట్టించిన పాఠం.) ఈ లెక్కన ఊరు మునిగి, నీళ్లు దిగాక, పూడిపోయిన తూము మళ్లీ పూడిపోయే ఉంటే స్థితిస్థాపకత నూటికి నూరుపాళ్లు సాధించినట్టే. సి.ఎస్. హోలింగ్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1973లో రెండు గుణాలను విడదీసి చెప్పాడు: ఉన్నచోటికే తిరిగి రావడం వేరు, దెబ్బను ఇముడ్చుకుని, మారుతూనే నిలబడటం వేరు అని. కానీ అంత తేడా పవర్‌పాయింట్ స్లైడులో పట్టదు.

ఊరివాళ్లను కూర్చోబెట్టుకుని రెండు మూడు రోజుల్లో నమూనా గీసేయడాన్ని ‘షరెట్’ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు బండి అని అర్థం. పందొమ్మిదో శతాబ్దంలో ప్యారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళాశాలలో గడువు ముగియగానే డ్రాయింగులు పోగుచేసుకోవడానికి బండి వచ్చేదట. పూర్తికానివాళ్లు బండెక్కి మరీ చివరి గీతలు గీసేవాళ్లని చెప్పుకుంటారు. ఊరి శాశ్వత భద్రతకు సంబంధించిన పనికి ఆఖరి నిమిషపు హడావుడి పేరు పెట్టుకోవడంలో ఉన్న నిజాయితీని నేను తక్కువ చేయను.

షరెట్‌లో ప్రధాన పరికరం పసుప్పచ్చ స్టికీ నోటు. ‘మీ ఊరు ఎలా ఉండాలని కలలు కంటున్నారు?’ అని అడుగుతారు. ప్రతి ఊళ్లోనూ వెనక వరసలో ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన లేచి, “బాబూ, కలల సంగతి తర్వాత. రోడ్డు కింద తూము పూడిపోయింది. నీళ్లు అక్కడ ఆగి, మా వీధిలోకి తంతాయి” అంటాడు. “చాలా మంచి పాయింటండీ తాతగారూ” అని దాన్ని రాసి గోడకు అంటిస్తారు. సాయంత్రం లోపల ఏడు రంగుల నోట్ల మధ్య అది ‘నీలి-హరిత అనుసంధానం’ అనే శీర్షిక కిందికి చేరుతుంది. ఆయన స్టేక్‌హోల్డర్ నంబర్ 14 అవుతాడు.

దీన్ని ప్రజల భాగస్వామ్యం అంటారు. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే ఈ భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన వేసింది. అట్టడుగు మెట్టు జనాన్ని బుట్టలో వేసుకోవడం. దాని మీది మెట్టు పేరు చికిత్స; అంటే లోపం ఊరివాళ్లలోనే ఉందన్నట్టు వాళ్లనే బాగుచేయబోవడం. సంప్రదింపు నాలుగోది. ఎనిమిదో మెట్టు మీద పగ్గాలు జనం చేతిలోనే ఉంటాయి. మనం నాలుగో మెట్టు మీద ఆగడమే క్షేమం. ఫొటో బాగా వస్తుంది. ఇంకా పైకెక్కితే ఊరివాళ్లే పిల్లలకు మార్కులు వేస్తామని కూర్చునే ప్రమాదం ఉంది.

ఇక చిత్రాలు. వరదను తట్టుకోబోయే ఊరి చిత్రాల్లో ఏనాడూ వాన పడదు. ఎండ తగుమాత్రంగా ఉంటుంది. నిరుడు నాటిన మొక్క ఇరవయ్యేళ్ల చెట్టంత నీడనిస్తుంది. ఒక పాప బుడగ పట్టుకుని పరిగెడుతుంది. ఈ పాపను నేను నాలుగు ఖండాల పథకాల్లో చూశాను, ఇంతవరకు ఎదగలేదు. తూము మాత్రం ఎక్కడా కనపడదు. అది రోడ్డు కింద ఉంటుంది కనుక.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి దారి తప్పింది. పెద్దాయన వెంట వెళ్లి, మోకాలి లోతు బురదలో దిగి, తూము వెడల్పు, వాలు, ఎంత మేర పూడిందో కొలిచింది. ఎవరు తవ్వాలి, ఏ నెలలో తవ్వాలి, తీసిన మట్టి ఎక్కడ పొయ్యాలి అన్నీ ఒకే పేజీలో గీసి ఇచ్చింది. మార్కులు వేసే జ్యూరీలో పెద్దలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో విజన్ ఏదమ్మా?” అన్నారు. సరైన ప్రశ్నే. తూములోంచి చూస్తే అవతలి గట్టు తప్ప విజన్ ఏం కనిపిస్తుంది?

జపాన్‌లో అనెయోషి అనే పల్లె ఉంది. 1896లో, 1933లో సునామీలు దాన్ని ఊడ్చేశాక ఊరివాళ్లు కొండ వాలు మీద ఒక రాయి పాతారు: దీనికి దిగువన ఇళ్లు కట్టొద్దు. 2011లో సముద్రం మళ్లీ వచ్చి, ఆ రాయికి దిగువనే ఆగింది. పైన కట్టుకున్న ఇళ్లు తడవలేదు. ఫలితం బాగానే ఉంది, కాదనను. కానీ సమర్పణ చూడండి: ముందుమాట లేదు, అనుబంధాలు లేవు, బుడగ పాప లేదు. మా జ్యూరీ ముందుకు వస్తే ఆ రాయికి సి గ్రేడు కూడా కష్టమే.

ఇంకో చెడ్డ ఉదాహరణ అమెరికాలో ఉంది. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ కలిసి 1993లో ‘రూరల్ స్టూడియో’ మొదలుపెట్టారు. హేల్ కౌంటీ ప్రాంతానికి వెళ్లిన ఆ బళ్లో పిల్లలు మారుతున్నారు గానీ బడి మాత్రం ఇంకా అక్కడే ఉంది. 2005లో చవకైన చిన్న ఇంటి నమూనా మీద పని మొదలుపెట్టి, ఏటేటా వచ్చే పిల్లల చేత దాన్నే దిద్దిస్తూ కూర్చున్నారు. గీసిందాన్ని స్వయంగా కట్టడం, కట్టిన ఇంటివాళ్లకు ఏళ్ల తరబడి ఎదురుపడుతూ ఉండటం! ఇలా ఒకేచోట పాతుకుపోతే కొత్త ఊరికి కొత్త బ్రోచరు ఎప్పుడు వేస్తారు?

కాబట్టి వరదగారూ, మీకిదే మా విన్నపం. వీలుంటే నాలుగో వారంలో రండి, సర్వేకి కలిసొస్తుంది. పరీక్షలప్పుడు వద్దు. వచ్చేటప్పుడు చిత్రంలో చూపిన లేత నీలం రంగులో, బెంచీ కాళ్లకు దిగువనే ఉండేలా రండి. సెలవుల్లో వస్తే మేం బాధ్యులం కాము. అప్పటికి గ్రేడ్లు అప్‌లోడ్ అయిపోతాయి.

అలా కాదు, పదిహేడో వారమే వస్తానంటారా? తూము దగ్గర ఒక పెద్దాయన పార పట్టుకుని కనిపిస్తాడు. చొక్కా జేబులో మడత పెట్టిన ఒక్క కాగితం ఉంటుంది. ఆయన్ని కంగారు పెట్టకండి. ఆయన అభిప్రాయం మా దగ్గర ఇదివరకే నమోదైంది.