బెంగకు తాయెత్తు కడుతున్నాం

దీపావళి దాటిందంటే కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికో, మిరపకాయ కోతకో గుంటూరు, పల్నాడు వైపు వెళ్తారు. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్లో కొందరు వెంట వెళ్లి బడికి దూరమవుతారు. కొందరు అవ్వ దగ్గరో, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచే సీజనల్ హాస్టల్లోనో ఉండిపోతారు. వాళ్ల హాజరు రాసుకుంటాం, గుడ్డు పెట్టారో లేదో చూస్తాం. మనసులో ఏముందో మాత్రం అడగం. అడిగినా "ఏం లేదు" అంటారు, ఎందుకంటే ఉన్నదానికి ఏం పేరు పెట్టాలో వాళ్లకు తెలియదు.

మాట దొరకనిది ఒంట్లో బయటపడుతుంది. కడుపునొప్పి అంటాడు, అన్నం వద్దంటాడు, పక్కలో పోస్తాడు. ఇంట్లో జడుసుకున్నాడని తాయెత్తు కడతారు. ఆ తాయెత్తును నేను వెక్కిరించను. పిల్లాడికి ఏదో అయిందని అవ్వ కనిపెట్టింది, ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరింది. బళ్లో అదే పిల్లాడికి దక్కేది 'మొండోడు' అనే పేరు.

2007లో లాస్ ఏంజెలెస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ కొందరి మెదడును స్కాన్ చేసింది. ఆ ముఖంలో కనిపించే భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు, భయానికి స్పందించే అమిగ్డాలా అనే మెదడు భాగం జోరు తగ్గింది. అది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష, పిల్లలకు యథాతథంగా అతికించలేం. కానీ ఏడుస్తున్న పిల్లను "అమ్మ మీద బెంగగా ఉందా?" అని అడిగి చూసిన టీచర్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

తెలుగులో ఈ మాటలకు కరువు లేదు. బెంగ వేరు, గుబులు వేరు. అలిగినవాడు ఎవరైనా వచ్చి బతిమాలతారని ఎదురుచూస్తుంటాడు. ఆటలో ఓడి బ్యాటు విసిరికొట్టినవాడిది ఉక్రోషం, వాణ్ని బతిమాలితే ఇంకా రేగిపోతాడు, కాసేపు వదిలేయాలి. పేరు తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. ఇన్ని మాటలుండగా మనం 'మూడ్ బాలేదు', 'టెన్షన్' అని సరిపెట్టుకుంటున్నాం. మగపిల్లలకైతే అదీ లేదు. "మగోనివై ఏడుస్తావేందిరా?" అంటే సరి. సీమలో పౌరుషానికి ఉన్న మర్యాద భయానికి లేదు, అందుకే భయమేసినా వాడు కోపంగానే చూపిస్తాడు.

2018లో ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో పిల్లల మనసు కోసమని ధ్యానం, కథలు, కబుర్లతో హ్యాపీనెస్ పీరియడ్ పెట్టారు. మన దగ్గర అలాంటిది పెడితే దానికో యాప్, రోజూ ఫొటో అప్‌లోడ్ వస్తాయేమోనని నా భయం. ముందు హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చుంటే చాలు. "ఈరోజు మా అక్క గుర్తొచ్చి దిగులేసింది" అని పెద్దవాళ్లే మొదలుపెట్టాలి. అడిగితే నోరు మెదపని పిల్లలు, అది విన్నాక తమదీ చెబుతారు.

ఇక ఫోన్. "తిన్నావా?" అని అమ్మ అడుగుతుంది, "ఆ" అని పిల్ల అంటుంది, అంతటితో సరి. "నాకూ నీ మీద బెంగగా ఉంది" అని అమ్మ అనదు, పిల్ల ఏడుస్తుందని. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడ్చాక "ఎప్పుడొస్తారు మా?" అని అడుగుతుంది. ఉగాదికైతే ఉగాదికనే చెప్పండి, రేపని చెప్పొద్దు.