పక్కింటి పిల్లవాడి చదువు చట్టం

పిల్లల చదువులో ప్రభుత్వం వేలు పెట్టాలా, వద్దా అని నేను చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఇందులో అసలు గొడవే లేదు. అందరిదీ ఒకటే మాట. పక్కింటి పిల్లవాడి విషయంలో పెట్టాలి, మనవాడి విషయంలో పెట్టకూడదు.

ఈ మాట ఇంత సూటిగా అనలేక పెద్దలు నానా తంటాలు పడ్డారు. 1647లో అమెరికాలోని మసాచుసెట్స్ వలసరాజ్యం, యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని చట్టం చేసింది. ఎందుకయ్యా అంటే, చదువు రానివాళ్లు బైబిల్ చదవలేరు, ఆ సందు చూసుకుని సైతాను దూరిపోతాడట. సర్కారు బడికి ఇంతకంటే గట్టి కారణం ఆ తర్వాత ఎవరూ చూపించలేకపోయారు. ఇప్పుడు సైతాను కుర్చీలో నిరుద్యోగం కూర్చుంది, అంతే తేడా.

నాకు బాగా నచ్చినాయన ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్. పిల్లలకు చదువు చెప్పించి తీరాలని తండ్రులను నిలదియ్యడం ప్రభుత్వం పనే గానీ, ఆ చదువు అదే చెప్పనక్కర్లేదన్నాడు 1859లో. మరి చదువు వచ్చిందో లేదో తెలిసేదెలా? చిన్నప్పుడే పరీక్ష పెట్టాలి. పిల్లవాడికి చదవడం రాకపోతే, సరైన కారణం చూపించలేని తండ్రికి ఓ మోస్తరు జరిమానా వెయ్యాలి, అవసరమైతే ఆయన పని చేసి ఆ బాకీ తీర్చుకోవాలి. ఇదే అమలైతే రాత్రి పదింటికి పుస్తకం ముందేసుకుని టెన్షన్ పడేది ఎవరో ఊహించుకోండి. (ఇప్పుడు పడేదీ ఆయనే కదా అంటారేమో. నిజమే, కానీ ఇప్పుడు జరిమానా లేదు.) ఇంతా చేసి మిల్ గారు బడి మొహమే చూడలేదు. మూడో ఏటే గ్రీకు మొదలుపెట్టించి, తండ్రే ఇంట్లో కూర్చోబెట్టి చదివించాడు. పరీక్షలు మాత్రం ఊళ్లోవాళ్లకు.

1955లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఇంకో ఉపాయం చెప్పాడు. డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, బడిని తల్లిదండ్రులు ఎంచుకోవాలి. దానికి వోచర్ అని పేరు. వినడానికి ఎంత బాగుంది! ప్రభుత్వం జేబు మాత్రం లోపలికి రావాలి, మనిషి గేటు బయటే ఆగాలి. 1980లలో చిలీ ఈ దారి పట్టింది. బడిని మనం ఎంచుకుంటామనుకుంటే, చాలాచోట్ల బడే పిల్లల్ని ఎంచుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏరివేత ఆపడానికి 2015లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ చట్టం చేసిందెవరంటారా? గేటు బయట నిలబెట్టిన పెద్దమనిషే.

1948 నాటి ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన ఇటు ప్రభుత్వాన్నీ, అటు తల్లిదండ్రులనూ ఇద్దరినీ ఒప్పించింది. 26వ అధికరణంలో మొదటి భాగం ప్రాథమిక విద్య తప్పనిసరి అంటుంది. మూడో భాగం ఏ రకం చదువో తేల్చే తొలి హక్కు తల్లిదండ్రులదే అంటుంది. ఈ రెండింటి మధ్య రెండో భాగం కూర్చుని సహనం గురించి, స్నేహం గురించి మాట్లాడుతుంది. అది అక్కడ ఉండాల్సిందే మరి.

అందుకే నేనో ముసాయిదా రాశాను. సెక్షన్ ఒకటి: ఎవరి పిల్లల చదువు వాళ్లిష్టం. సెక్షన్ రెండు: పక్కింటి పిల్లల విషయంలో ప్రభుత్వం హాజరు, పరీక్ష, సిలబస్, సెలవులు, జుట్టు పొడవు సహా సమస్తం చూసుకోవాలి. సెక్షన్ మూడు: రెండింటి ఖర్చూ ఎదురింటివాళ్ల పన్నుల్లోంచి.

మద్దతు కోసం మొదట పక్కింటికే బయల్దేరాను. ఆయన గేటు దగ్గరే ఎదురయ్యాడు, చేతిలో ఏవో కాగితాలతో. సెక్షన్ రెండులో మావాడి పేరుంది, స్పెల్లింగ్ తప్పుతో సహా.