సింగపూర్ ఉద్యోగం: జీతం సరే, ఏ పాసు మీద?

సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిందనగానే విశాఖలో ఏ ఇంట్లోనైనా ముందు వచ్చే ప్రశ్న జీతం గురించే. ఆ వెంటనే ఎవరో ఒకరు ఫోను తీసి డాలర్లను రూపాయల్లోకి మార్చేస్తారు. సింగపూర్ డాలరుకు 70 రూపాయల దరిదాపుల్లో వేసుకుంటే మూడు వేల డాలర్లు కూడా రెండు లక్షలు దాటుతాయి, ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. అయితే ఆఫర్ లెటర్లో జీతం కన్నా ముందు వెతకాల్సింది పాసు పేరు, అంటే అక్కడ ఉండి పని చేయడానికి సింగపూర్ ఇచ్చే అనుమతి ఏ రకమన్నది. ఎక్కడ ఉండనిస్తారు, భార్యాపిల్లల్ని రానిస్తారా, జబ్బు చేస్తే బిల్లు ఎవరిది, ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో పెట్టె సర్దుకోవాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

మూడు రకాలు తెలిస్తే చాలు. మేనేజర్లకు, ఇంజినీర్లకు, ఐటీ వాళ్లకు ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ పాసు. 2025 జనవరి నుంచి దానికి కనీస జీతం నెలకు 5,600 డాలర్లు, ఆర్థిక సేవల రంగంలో 6,200. వయసు పెరిగేకొద్దీ ఈ గీత పైకి జరుగుతుంది, నలభై అయిదేళ్ల వాడికి పదివేలు దాటిపోతుంది. మధ్యస్థాయి నైపుణ్యాలకు ఎస్ పాసు, 2025 సెప్టెంబరు నుంచి కనీసం 3,300. షిప్‌యార్డు, నిర్మాణం, రిఫైనరీ పనులకు వర్క్ పర్మిట్, దీనికి కనీస జీతమంటూ లేదు.

ఎంప్లాయ్‌మెంట్ పాసుకు జీతం ఒక్కటే చాలదు. 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అనే పాయింట్ల పద్ధతి నడుస్తోంది, 40 పాయింట్లు రావాలి. అందులో ఒక అంశం మీ చేతిలో ఉండదు. కంపెనీలోని మేనేజర్, నిపుణుల స్థాయి ఉద్యోగుల్లో మీ దేశం వాళ్ల వాటా నాలుగోవంతుకు చేరితే ఆ అంశం కింద మీకు వచ్చేది సున్నా. అప్పటికే మనవాళ్లతో నిండిన ఐటీ కంపెనీ దరఖాస్తు పెడితే తిరస్కరణకు కారణం రుషికొండ ఐటీ కంపెనీల్లో చేసిన పని అనుభవం తక్కువని కాకపోవచ్చు. డిగ్రీకి పాయింట్లు కావాలంటే అది అసలుదేనని బయటి తనిఖీ సంస్థతో సరిచూయించాలి. ఆంధ్రా యూనివర్సిటీ ఒరిజినల్ పట్టా ఇంకా తీసుకోని వాళ్లు చాలామంది ఉంటారు, ఆ పని ఇంటర్వ్యూలు మొదలుకాకముందే కానిచ్చుకోవాలి.

ఇక అసలు చిక్కు కుటుంబం దగ్గర. భార్యను, పిల్లల్ని తీసుకెళ్లాలంటే స్థిర వేతనం 6,000 డాలర్లు ఉండాలి. తల్లిదండ్రులకైతే 12,000. ఆరువేలు వచ్చిందంటే సంసారం పెట్టేయొచ్చు అన్న అర్థం దీంట్లోంచి తీసేస్తారు. లెక్క అలా చెప్పదు. ప్రభుత్వ సంస్థ కట్టిన మూడు పడకగదుల హెచ్‌డీబీ ఫ్లాటు అద్దె 3,200 అనుకుందాం. కరెంటు, నీళ్లు, గ్యాసు, ఇంటర్నెట్ కలిపి 300. కిరాణా, కూరగాయలు, అప్పుడప్పుడూ బయట తిండి వెయ్యి. రైలు, బస్సు, ఫోన్లు 350. పన్నుకు నెలనెలా తీసి పెట్టుకోవాల్సింది ఓ 230. మిగిలేది 900 చిల్లర, అదీ బడి ఫీజు కట్టకముందు. పిల్లాడిని భారతీయ సిలబస్ ఉన్న ప్రైవేటు బడిలో వేస్తే ఆ 900 కూడా చాలకపోవచ్చు. భార్య ఉద్యోగం చేస్తుందిలే అంటే, 2021 మే నుంచి కుటుంబసభ్యులకిచ్చే డిపెండెంట్ పాసు మీద వచ్చిన వాళ్లు పని చేయాలంటే సొంతంగా వర్క్ పాసు తెచ్చుకోవాల్సిందే.

పక్కన ఎస్ పాసు మీద ఒంటరిగా వెళ్లిన కుర్రాడిని చూడండి. జీతం 3,300. గది అద్దె 1,100, తిండి 600, రైలు, ఫోను కలిపి 150, పన్ను నలభై. చేతిలో 1,400 నిలుస్తాయి. ఆరువేల సంసారి కన్నా మూడువేల బ్రహ్మచారి ఇంటికి ఎక్కువ పంపుతాడు. ఆరువేలు అన్నది కుటుంబాన్ని రానిచ్చే హద్దు మాత్రమే, కుటుంబం బతకడానికి సరిపోయే అంకె అని ఎవరూ చెప్పలేదు. ఇద్దరు పిల్లలున్న వాళ్లు తొమ్మిదివేల లోపు జీతానికి అందరూ కలిసి బయల్దేరడం తొందరపాటే.

అద్దె ఇంటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. సింగపూర్‌లో దేశస్థులు ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో. అక్కడ ‘ఫోర్ రూమ్’ అంటే మూడు పడకగదులు, ఒక హాలు. మొత్తం ఫ్లాటు తీసుకునే విదేశీయులకు కోటా ఉంది: మలేషియా వాళ్లు కాకుండా మిగతా విదేశీయులు ఒక ప్రాంతంలో 8 శాతం, ఒక బ్లాకులో 11 శాతం దాటకూడదు. ఇల్లు నచ్చి, బేరం కుదిరాక కోటా నిండిందని తెలియడం మామూలే. అందుకే ఓనరు హెచ్‌డీబీ అనుమతి తెచ్చాకే సంతకం చేయాలి, ఆ అనుమతి కాగితాన్ని కళ్లతో చూడాలి. గది మాత్రమే తీసుకునేవాళ్లకు ఈ కోటా అడ్డు లేదు. కనీస గడువు హెచ్‌డీబీలో ఆరు నెలలు, కాండో అనే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో మూడు. అంతకన్నా తక్కువకు ఇస్తామన్నారంటే చట్టవిరుద్ధంగా ఇస్తున్నట్టే.

ఏడాది ఒప్పందానికి ఒక నెల, రెండేళ్లకు రెండు నెలల అద్దె డిపాజిట్ అడగడం రివాజు. స్టాంపు డ్యూటీ అద్దెకున్నవారిదే: మొత్తం అద్దెలో 0.4 శాతం. నెలకు 3,200 చొప్పున రెండేళ్లకు 307 డాలర్లు. పద్నాలుగు రోజుల్లో కట్టాలి, స్టాంపు లేని ఒప్పందం కోర్టులో పనికిరాదు. ఇల్లు చూపించకుండా డిపాజిట్ పంపమనే ఏజెంటు పేరును ఏజెంట్ల అధికారిక రిజిస్టరులో వెతకాలి. విశాఖలో కూర్చుని ఫొటోలు చూసి డబ్బు పంపేవాళ్లే ఈ మోసానికి తేలిగ్గా దొరుకుతారు. మొదటి రెండు వారాలు ఎక్కడో ఒకచోట సర్దుకుని, ఇల్లు కళ్లతో చూసి తీసుకోవడం ఖర్చైనా నయం.

డిపాజిట్ తిరిగి రాకపోవడానికి పెద్ద కారణాలేమీ ఉండవు, చిన్నవే ఉంటాయి. మూడు నెలలకోసారి ఏసీ సర్వీసు చేయించాలని ఒప్పందంలో రాస్తారు. రసీదులు చూపించలేకపోతే కోత. చిన్న మరమ్మతుల్లో మొదటి 150 నుంచి 300 డాలర్ల దాకా అద్దెకున్నవారే భరించాలనే షరతు ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే గోడల మీది మరకలు, గీరుకుపోయిన నేల, సరిగా మూయని కుళాయి అన్నీ ఫొటోలు తీసి ఓనరుకు పంపి ఉంచాలి. ఇంకొకటి వంట. గదుల ప్రకటనల్లో ‘లైట్ కుకింగ్’ అని కనిపిస్తే అన్నం, నూడుల్స్ వరకే అని అర్థం. చేపల పులుసు, ఇంగువ పోపు అందులోకి రావు. ‘నో కుకింగ్’ అంటే మరీ కష్టం. పులుసు లేనిదే ముద్ద దిగని వాళ్లు వంద డాలర్లు ఎక్కువిచ్చైనా వంట పూర్తిగా ఒప్పుకునే ఇల్లు చూసుకోవాలి, బయట తినే ఖర్చు ఆ వంద కన్నా ఎక్కువే అవుతుంది.

పన్ను విషయంలో తప్పు లెక్క రెండు వైపులా జరుగుతుంది. అక్కడ జీతంలోంచి నెలనెలా పన్ను కోయరు. మరుసటి ఏడాది రిటర్ను వేశాక బిల్లు వస్తుంది. మొదటి ఇరవై వేలకు పన్ను లేదు, తర్వాతి పదివేలకు 2 శాతం, ఆపై పదివేలకు 3.5, ఇంకో నలభై వేలకు 7. నెలకు ఆరువేల జీతానికి ఏడాది పన్ను సుమారు 2,720 డాలర్లు. మన దగ్గరితో పోలిస్తే చాలా తక్కువ, కానీ ముందు పక్కన పెట్టకపోతే ఒక్కసారి భారమే. పన్నెండు వాయిదాల్లో కట్టే వీలుంది. విదేశీ ఉద్యోగికి పీఎఫ్ లేదు, అటు కంపెనీ కూడా ఏమీ జమ చేయదు. ఇక్కడ ఉద్యోగం చేసేటప్పుడు తెలియకుండానే పోగయ్యే సొమ్ము అక్కడ పోగవ్వదు.

ఇటువైపు భారత పన్ను చూస్తే, ఎన్నో తేదీన బయల్దేరుతున్నారన్నది ముఖ్యం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే మీరు భారత నివాసి. సెప్టెంబరు 28 లోపు విమానమెక్కితే సాధారణంగా ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్. అక్టోబరులో వెళ్తే మార్చి దాకా సింగపూర్‌లో సంపాదించింది కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల ఖాతా అయిన ఎన్ఆర్ఓగా మార్పించాలి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ అనే వేరే ప్రవాస ఖాతా తెరవాలి.

వైద్యం గురించి రెండు ముక్కలు. ఎస్ పాసు, వర్క్ పర్మిట్ వాళ్లకు ఏటా కనీసం 60,000 డాలర్ల బీమా కంపెనీయే చేయించాలని చట్టం. పెద్ద జీతమున్న ఎంప్లాయ్‌మెంట్ పాసు వాడికి ఆ నిబంధన వర్తించదు, ఆఫర్ లెటర్లో ఉంటేనే ఉన్నట్టు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాయితీ విదేశీయులకు దొరకదు.

గాజువాక, పెదగంట్యాడ వైపు నుంచి వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్ల లెక్క వేరు. ఏజెంటు చెప్పే నెల జీతంలో ఓటీ (ఓవర్‌టైమ్) కలిసిపోయి ఉంటుంది. బేసిక్ 800 అనుకుంటే, గంట రేటు కోసం పన్నెండు నెలల జీతాన్ని 52 వారాలు, వారానికి 44 గంటలతో భాగించాలి: 4 డాలర్ల 20 సెంట్లు. ఓటీకి ఒకటిన్నర రెట్లు, అంటే 6 డాలర్ల 29 సెంట్లు. నెలలో ఓటీ పరిమితి 72 గంటలు, మొత్తం చేస్తే 453. ఏజెంటు చెప్పే 1,250 ఇలా తయారవుతుంది. యార్డులో పని తగ్గిన నెలలో ఓటీ పోతుంది, మిగిలేది ఆ 800. పాసుకు ముందస్తు ఆమోదంగా సింగపూర్ ప్రభుత్వం ఇచ్చే, బయల్దేరే ముందు చేతికొచ్చే ఐపీఏ లెటర్లో బేసిక్, అలవెన్సులు, కోతలు విడివిడిగా రాసి ఉంటాయి. ఏజెంటు మాటను కాదు, ఆ కాగితాన్ని చూసి అప్పు చేయాలి. పంపేది మన దగ్గర రిజిస్టరైన ఏజెంటైతే అతను తీసుకోగలిగిన ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగారంటే ఆ తేడాకు రసీదు అడిగి చూడండి. షిప్‌యార్డు, నిర్మాణం, రిఫైనరీ పనుల వర్క్ పర్మిట్ మీద మనవాళ్లు హెచ్‌డీబీ గది అద్దెకు తీసుకోలేరు, డార్మిటరీయే గతి.

ఇక్కడో లొసుగు ఉంది. గల్ఫ్ దేశాలకు, మలేషియాకు, థాయ్‌లాండ్‌కు వెళ్లే పదో తరగతి పాసవని కార్మికుడికి మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. సింగపూర్, కంబోడియా ఆ జాబితాలో లేవు. ఆ దేశాలకు వెళ్లేవాళ్ల ఉద్యోగ ఒప్పందాన్ని మన ప్రభుత్వం ఒక్కసారైనా చూసే అవకాశం లేకుండా పోతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకుల్ని కంబోడియాకు పంపి సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. వాళ్లను పంపింది పర్యాటక వీసాల మీద. సింగపూర్ పేరు చెప్పినా, ఐపీఏ లేకుండా ‘ముందు విజిట్ మీద వెళ్దాం, అక్కడ మారుద్దాం’ అనే మాట వినబడితే బేరం అక్కడితో ఆపేయాలి.

లగేజీ గురించి ఒక మాట. ఆవకాయ పర్వాలేదు, చికెన్ పచ్చడి తీసుకెళ్లడానికి వీల్లేదు. సిగరెట్లకు సుంకం మినహాయింపు ఒక్కదానికి కూడా లేదు, వేప్ పూర్తిగా నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, నిద్రమాత్రలకు ముందస్తు అనుమతి అవసరం కావచ్చు.

తిరిగి రావడం వెళ్లడం కన్నా చిక్కు. ఉద్యోగం మానేస్తున్న విదేశీయుడి గురించి కంపెనీ కనీసం నెల ముందు పన్నుశాఖకు చెప్పాలి, పన్ను తేలేదాకా అతనికివ్వాల్సిన డబ్బంతా ఆపి ఉంచాలి. అంటే ఖర్చు ఎక్కువగా ఉండే ఆఖరి నెలలోనే జీతం చేతికి రాదు. ఎంప్లాయ్‌మెంట్ పాసు రద్దయ్యాక సాధారణంగా ఉండనిచ్చేది 30 రోజులు. ఉద్యోగం పోతే గడువుకు ముందే ఇల్లు వదిలే వీలిచ్చే, ఇంటి ఒప్పందంలోని డిప్లొమాటిక్ క్లాజు మాత్రం ఏడాది నిండాకే వర్తిస్తుంది, అప్పుడు కూడా రెండు నెలల నోటీసు కావాలంటుంది. దేశంలో ఉండే హక్కు నెలలో తీరిపోతే, అద్దె రెండు నెలలు నడుస్తూనే ఉంటుంది. ఒప్పందం రాసుకునేటప్పుడే ఆ నోటీసును ఒక నెలకు తగ్గించమని, కంపెనీ తీసేస్తే ఏడాది నిండకపోయినా వర్తించేలా రాయమని అడగొచ్చు. ఖాళీగా పడి ఉన్న ఇంటి ఓనర్లు కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మూడు నెలల అద్దెను సింగపూర్ ఖాతాలోనే కదపకుండా ఉంచాలి, ఇంటికి పంపే డబ్బు లెక్క ఆ తర్వాత.