ఎంతవరకొచ్చిందిగారికి ఒక శాలువా

వెబ్‌సైట్లను నడిపే సర్వర్ మీద దొంగలు పడ్డాక దాన్ని మళ్ళీ నిలబెట్టేది ఎవరనే విషయంలో లోకంలో పెద్ద అపోహ ఒకటి ఉంది. రాత్రిళ్ళు మేలుకుని డిస్కులు కాపీ చేసి, లాగ్ ఫైళ్ళు ఒక్కో లైనూ చదివి, పాస్‌వర్డులన్నీ రద్దు చేసి, మెషీన్లు మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేసే వలంటీర్లే ఆ పని చేస్తారని అమాయకులు అనుకుంటారు. అసలు ఆ సర్వర్‌ను లేపేది "ఎంతవరకొచ్చింది?" అని అడిగే పెద్దమనిషి. ఆయన గంటకోసారి అడక్కపోతే ఈ వలంటీర్లు దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్ళని ఆయన గట్టి నమ్మకం. ఇంత సేవ చేస్తున్న మనిషికి ఇప్పటిదాకా ఒక్క సభ పెట్టి ఒక్క శాలువా కప్పిన పాపాన పోలేదు మనం. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

నన్ను ఈ పనికి పురికొల్పింది 2024 అక్టోబరు. పాత పుస్తకాలు, వెబ్ పేజీలు ఉచితంగా దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి జరిగి 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు పోయాయి, సైటు కొన్నాళ్ళు మూతపడింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ మనకు దొరికేది అక్కడే. సర్కారు వారి అసలు సైటు కనబడకుండా పోయినా ఆ పుస్తకాలు మిగిలాయంటే, ఎవరో పనిగట్టుకుని కాపీలు అక్కడ చేర్చబట్టే. ఆ సైటు పడిపోయిన వారంలో ఒక సాహిత్యాభిమాని (హార్డ్‌డిస్కు నిండా పీడీఎఫ్‌లు, చదివినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు) నాతో అన్న మాట ఇది: "ఫ్రీ అంటే ఇంతేనండీ, బాధ్యత ఉండదు." అంతకాలం అక్కడ దించుకున్న పుస్తకాలకు ఈయన కట్టింది ఎంత అని అడగబోయి, వయసులో పెద్దాయన కదా అని ఊరుకున్నాను. వయసుకు ఇచ్చిన ఆ మర్యాద ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఎంతవరకొచ్చిందిగారి గొప్పతనం పూర్తిగా అర్థం కావాలంటే 2003 నవంబరుకు వెళ్ళాలి. డెబియన్ అని ఒక లినక్స్ (విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉంది. లోకంలో బోలెడన్ని సర్వర్ల కింద అదో, దాని పిల్లలో ఉంటాయి. కంపెనీ లేదు, యజమాని లేడు, వెయ్యి మంది దాకా వలంటీర్లు తలోదేశంలో కూర్చుని నడుపుతారు. నవంబర్ 19 సాయంత్రం ఎవడో ఒక డెవలపర్ పాస్‌వర్డు కొట్టేసి క్లెకర్ అనే మెషీన్‌లోకి దూరాడు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని రూట్, అంటే మెషీన్‌కు సర్వాధికారి, అయిపోయి, సకిట్ అనే రూట్‌కిట్ (దొంగ జాడను దాచిపెట్టే ప్రోగ్రామ్) పెట్టాడు. అక్కణ్ణుంచి మాస్టర్, మర్ఫీ, గ్లక్ అనే మెషీన్లలోకీ పాకాడు. అంటే బగ్గుల పట్టిక, మెయిలింగ్ జాబితాలు, వెబ్‌సైటు, సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నీ వాడి చేతిలోకి పోయినట్టే. ఇందులో చేదు ఏమిటంటే, ఆ కెర్నల్ లోపాన్ని సెప్టెంబరులోనే ఒకాయన చూసి సరిచేశాడు కూడా. అది దొంగకు తాళంచెవి అవుతుందని అప్పుడెవరికీ తట్టలేదు. ఆ మరమ్మతు ఉన్న 2.4.23 కెర్నల్ విడుదలయ్యేసరికి దొంగ వచ్చి వెళ్ళి వారం దాటింది.

20వ తేదీ సాయంత్రం మాస్టర్ మెషీన్ కెర్నల్ తడబడి లాగ్‌లో "ఊప్స్" అని రాసుకోవడం మొదలుపెట్టింది. హార్డ్‌వేర్ పోయిందేమో, విప్పి చూద్దాం అనుకున్నారు అడ్మిన్లు. అదే సమయానికి మర్ఫీ కూడా అచ్చం అలాగే తడబడింది. రెండు మెషీన్లకు ఒకేరోజు ఒకే జబ్బు ఎలా వస్తుందని ఎవరికో అనుమానం తగిలింది చూడండి, ఆ అనుమానానికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. ఫైళ్ళ మీద కాపలాకు పెట్టుకున్న ప్రోగ్రామ్ కూడా, సిస్టమ్ లేవగానే మొదట నడిచే ఇనిట్ ఫైలే మారిపోయిందని చెప్పింది. 21న లోకానికంతటికీ నిజం చెప్పేశారు, దాచుకోలేదు. కొత్త విడుదల 3.0ఆర్2 అప్పటికే సిద్ధంగా ఉంది, దాని సంబరం కాస్తా ఈ గొడవలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు ఆ రాత్రి డేటాసెంటర్‌లోకి మన ఎంతవరకొచ్చిందిగారిని ప్రవేశపెడదాం. అక్కడ ఒక కుర్రాడు డిస్కు మొత్తాన్ని ఇంకో మెషీన్‌కు కాపీ చేస్తున్నాడు. ఆధారాలు చెరిగిపోకుండా ముందు చేయాల్సిన పని అది.

"ఎంతవరకొచ్చింది బాబూ?"

"కాపీ అవుతోందండీ."

"రీస్టార్ట్ చేసి చూశారా?"

"చేయకూడదండీ, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి."

"మా ఇంట్లో వైఫై ఆగిపోతే రీస్టార్టే చేస్తాం. బ్యాకప్ తీసుకోలేదా మీరు?"

"ఉందండీ. దొంగ ఎప్పుడు దూరాడో తేలితేగానీ ఏ బ్యాకప్ శుభ్రంగా ఉందో చెప్పలేం."

"యాంటీవైరస్ వేయండి."

"రూట్‌కిట్ అండీ. సిస్టమే అబద్ధం చెప్తోంది. దొంగ ఉన్నాడా అని దాన్ని అడిగితే లేడంటుంది."

"మా కంపెనీలో అయితే ఇది పది నిమిషాల పని."

"ఎలా చేస్తారండీ?"

"వెండర్‌కి ఫిర్యాదు టికెట్ వేస్తాం."

"ఆ వెండర్ ఏం చేస్తాడు?"

"వాడు కూడా టికెట్ వేస్తాడనుకుంటా. అది మన స్కోప్ కాదు. సరే, మీ ఎస్‌ఎల్‌ఏ, అదే, బాగుచేసిస్తామని ఇచ్చిన గడువు, ఎంత?"

"శని, ఆదివారాలు, ఇంట్లో ఊరుకుంటే."

"ఇలా కాదు, ఎస్కలేట్ చేస్తాను. మీ మేనేజర్ ఎవరు?"

"లేరండీ."

"జీతం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరండీ."

ఇక్కడ ఎంతవరకొచ్చిందిగారు కాసేపు మౌనం వహిస్తారు. ఆ కుర్రాడి మీద జాలి కలిగిందేమో అని మనకు ఆశ పుడుతుంది. ఆయన ఆలోచిస్తున్నది వేరే. జీతమే లేనివాణ్ణి ఉద్యోగం పీకించేస్తానని ఎలా బెదిరించాలా అని. ఆలోచించి, ఆలోచించి, ఆఖరికి ఒక కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటారు. ప్రోగ్రెస్ ఎంత శాతం అయిందో చూసి పైకి చదువుతుంటారు. పదకొండు అయింది బాబూ. పన్నెండు అయింది. ఏమిటీ, పన్నెండు దగ్గరే ఆగింది? ఎంటర్ కొట్టు ఒకసారి. కాఫీ తెస్తారా అంటే "నేను టెక్నికల్ మనిషిని" అంటారు. తెల్లవారి ఇంటికెళ్ళి, రాత్రంతా టీమ్‌తో కూర్చుని దగ్గరుండి సర్వర్ రికవర్ చేయించానని బావమరిదికి చెప్తారు. రెజ్యూమేలో రాసుకుంటారు కూడా, ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్ అని.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. పాపం ఆ చుట్టవాడు ఎంతో నయం. నిప్పు అందుకుని వెళ్ళిపోయాడు, మంట సరిగ్గా లేదని రేటింగ్ తగ్గించలేదు.

ఆ వలంటీర్లు డెవలపర్లందరి ఖాతాలకూ తాళం వేశారు, పాస్‌వర్డులు రద్దు చేశారు, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు తీసేశారు. ప్యాకేజీల భాండాగారాన్ని దొంగ ముట్టుకోలేదని సరిచూసుకున్నారు. మెషీన్లు మళ్ళీ కట్టుకున్నారు. డిసెంబర్ మొదటివారంలో ఏ గంటకు ఏం జరిగిందో, తమ మెషీన్ల మీద దొంగ ఏమేం చేశాడో నివేదిక రాసి అందరి ముందూ పెట్టారు. ఖాతాదారుల వివరాలు పోయి నెలలు గడిచినా "మీ భద్రతే మాకు ముఖ్యం" అనే మెయిల్ తప్ప ఇంకో ముక్క చెప్పని కంపెనీలు ఎన్ని లేవు? వాటికి లీగల్ టీమ్ ఉంది, పీఆర్ టీమ్ ఉంది, సెక్యూరిటీకి ఒక వైస్ ప్రెసిడెంటూ ఉన్నాడు. విచిత్రంగా అక్కడ ఎంతవరకొచ్చిందిగారు నోరెత్తరు. కాల్ సెంటర్ వాళ్ళు పెట్టిన పాట నలభై నిమిషాలు వింటారు, థాంక్యూ మేడమ్ అని ఫోన్ పెట్టేస్తారు.

ఇంతవరకూ నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. మీకు తెలియకుండానే మీరు వాడే సర్వర్లలో ఉంటుంది. ఫిన్లాండ్‌లో ఒకే ఒక్క మనిషి ఏళ్ళ తరబడి దాన్ని చూసుకుంటూ వచ్చాడు. 2022లో ఎక్కడివో కొత్త ఖాతాలు వచ్చి ఆయన వెంట పడ్డాయి. పంపిన ప్యాచ్‌లు (కోడ్‌కు మార్పులు చేర్పులు) ఎందుకు చూడట్లేదు, పని ఎందుకు కదలట్లేదు, ఆసక్తి లేకపోతే ఇంకొకరికి అప్పగించు, జనం ఎదురుచూస్తున్నారు, ఎంతవరకొచ్చింది? చాలాకాలంగా మానసికంగా ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నాడు. ఇది డబ్బులు రాని పని అని కూడా గుర్తుచేశాడు. అయినా వదల్లేదు. ఆఖరికి అప్పటికే ఓపిగ్గా సాయం చేస్తున్న జియా టాన్ అనే పేరుగల వ్యక్తికి అధికారం ఇచ్చాడు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, పెట్టింది ఆ జియా టానే. సర్వర్లోకి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వుకుంటూ పోతే మార్చి చివర్లో బయటపడింది. లేకపోతే నెలల్లో అది లోకమంతా పాకేది. వెంటపడిన ఆ ఖాతాలు మళ్ళీ కనబడలేదు. అవీ ఆ దొంగ ముఠావేనని తవ్వి చూసినవాళ్ళ అంచనా.

అర్థమైందా? నమ్మించి తలుపు తీయించుకోవాలనుకున్నవాడు ఏ వేషం వేయాలా అని వెతికితే, వాడికి దొరికిన వేషం ఎంతవరకొచ్చిందిగారిది! ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకొస్తుంది? నిజమైనవాళ్ళు రోజూ అలాగే మాట్లాడతారు. అసలువాడికీ దొంగకూ తేడా తెలియనంతగా మనం ఈ వలంటీర్లను తిట్టి పెట్టాం. సిగ్గులేదూ మనకు? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని, నెట్‌లో మన వివరాలు ఇతరులు చదవకుండా కాపాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, ఎన్నో సైట్లు దాని మీదే నడుస్తాయి. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడేనాటికి దానికి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల చిల్లర. దాని మీద కోట్లు గడించే కంపెనీలో కూర్చుని, నెలజీతం తీసుకుంటూ, ఏసీ గదిలోంచి ఒక రోగిష్టి మనిషిని "ఇంకా ఎప్పుడు?" అని అడగడానికి నోరెలా వస్తుందయ్యా? తోచింది తిట్టడానికి తీరిక ఉంది, ఒక ప్యాచ్ చదివి పెట్టడానికి లేదు. వంద రూపాయలు పంపడానికైతే క్రెడిట్ కార్డు ఎక్కడ పెట్టారో గుర్తుండదు.

సరే, సన్మానం సంగతి. వేదిక, మైకు, పూలదండ సిద్ధం. సన్మానపత్రం నేనే రాస్తాను. శాలువా మాత్రం ఆలస్యమవుతుంది, నేసేవాడు ఊరికే నేస్తున్నాడు మరి. ఎప్పటికొస్తుందో ఎంతవరకొచ్చిందిగారే వెళ్ళి కనుక్కోవాలి. ఈలోగా ఆయనకు కాలక్షేపం కావాలంటే ఒకటి చెప్తాను: ఆ ఎక్స్‌జెడ్ గొడవ వల్ల 2024 ఏప్రిల్‌లో రావాల్సిన డెబియన్ 12.6 విడుదలను వలంటీర్లు ఆపేసి, అంతా వెతికి చూసుకుని, జూన్ 29న విడుదల చేశారు. అందులో బగ్గులుంటాయి. వెళ్ళి తిట్టండి.