ఈకనల్లి వెనక వెంట్రుక గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెచ్3 వెంట్రుక గారికి,

కడప నుంచి ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ లెక్చరర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరుండేది నల్లి (మంచంలో కుట్టేది కాదు, ఇంగ్లిష్‌లో మైట్ అనేది) ఒంటి మీద, ఆ నల్లి ఉండేది పక్షి ఈక మీద. నల్లే అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, ఇక తమరి మందమెంతో తమరికే తెలియాలి. అయినా తమరి దర్జా చూస్తే కళ్లు కుట్టక మానవు. సీ2, డీ1, ఈ2, హెచ్3, పీఎస్1 అంటూ ఒంటి మీదున్న వెంట్రుకలన్నిటికీ అక్షరమూ అంకే ఇచ్చి రికార్డుల్లోకి ఎక్కించారు శాస్త్రవేత్తలు. తమరిని మోసే నల్లికి మాత్రం చాలాసార్లు పేరే ఉండదు. ఈకనల్లుల్లో ఇప్పటిదాకా పేరు పడ్డవి 2,000 పైచిలుకు. పక్షి జాతులు చూస్తే 10,000 దాటాయి, ఒకే పక్షి మీద రెండు మూడు రకాల నల్లులు కాపురముండటం మామూలే. ఇంటి యజమానికి రేషన్ కార్డు లేదు గానీ ఆయన మీసానికి ఉంది!

కొత్త జాతా, పాతదా అని తేల్చేదీ చాలావరకు తమరే. పొడుగా పొట్టా, సన్నమా వెడల్పా, పక్క వెంట్రుకకు ఎంత దూరంలో మొలిచారు... ఇవే సాక్ష్యాలు. అందులోనూ మగ నల్లి మీదున్న వెంట్రుకలకే పలుకుబడి. ఆడవి మాత్రమే దొరికితే "మగది దొరికినాక చూద్దాంలే" అని సీసా పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. సీమలో పుట్టినవాణ్ని, మీసానికి మర్యాదివ్వడం నాకేం కొత్త కాదు. కానీ ఇంత మర్యాద ఇక్కడ కూడా చూడలేదు.

తమరి దర్శనం ఊరికే అవుతుందా? చచ్చిన పావురం ఈకను వెలుతురుకి పట్టి చూస్తే, ఈనె పక్కన గోధుమరంగు చుక్కలు వరుసగా కనపడతాయి. సన్న సూదితో ఒక్కొక్కటే ఏరి ఆల్కహాల్‌లో వేయాలి. లాక్టిక్ ఆమ్లంలో ఒళ్లు తేటపడేదాకా నానబెట్టి, గాజు స్లైడు మీద హోయర్ ద్రావకం బొట్టులో పడుకోబెట్టి, పైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజుబిళ్ల కప్పాలి. ఆ ద్రావకంలో ఉండేది తుమ్మజాతి చెట్ల బంక, గ్లిజరిన్, ఇంకో రెండు సరుకులు. తరవాత ఓవెన్‌లో రోజుల తరబడి ఆరబెట్టమంటాయి పుస్తకాలు. మే నెల కడపలో ఆ ఖర్చు మాకు లేదు, కిటికీ పక్కన పెడితే చాలు. ఆఖర్న తేమ చొరబడకుండా కవర్‌స్లిప్ అంచులకు గోళ్లరంగు పూయాలి. కొనబోతే ఫ్యాన్సీ షాపు పాప "ఎవరికి సార్, ఏ షేడ్?" అంది. నల్లికి అని చెప్పలేక ఎర్రది పట్టుకొచ్చాను.

ఇంతా చేస్తే ఊళ్లో అడిగేది ఒకటే: "నల్లికి ఏ మందు కొట్టాల సార్?" మిరప వేసిన రైతు అడిగాడంటే అర్థముంది. మా పై అధికారి కూడా, కాస్త ఇంగ్లిష్ కలిపి, అదే అడిగాడు. కోళ్ల రక్తం తాగే ఎర్రనల్లి వేరు సార్, ఈకనల్లులు ఈకల మీది నూనె, బూజు, బ్యాక్టీరియా తిని బతుకుతాయి, పక్షి జోలికి పెద్దగా పోవు అని చెప్పాను. "అయితే నష్టం కూడా లేదన్నమాట" అని ఉసూరుమన్నాడు. నష్టం చూపిస్తేనే కదా ప్రాజెక్టు వచ్చేది!

1848లో జెర్డన్ అనే పక్షిశాస్త్రవేత్త ద్వారా లోకానికి తెలిసిన కలివికోడి అనే పక్షి, 1900 తర్వాత కనపడకుండా పోయి, 1986లో మా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. మంచిదే. కానీ ఆ పక్షి మీద తప్ప ఇంకెక్కడా బతకని నల్లి ఒకటి ఉందనుకోండి, పక్షి పోయిన రోజే అదీ పోతుంది. దానికోసం కాలువ సంగతి దేవుడెరుగు, ఫైలు కూడా కదలదు. పేరు లేనిదాని మీద ఫైలు తెరవడమెట్లా?

కావున తమరికి మనవి. స్లైడు మీద వాలేటప్పుడు గాలిబుడగ కింద నక్కవద్దు. కాలి కింద మడతపడి, ఉన్నారో లేరో తెలియకుండా చెయ్యవద్దు. రాలిపోక తప్పదంటే కనీసం మొలిచిన గుంటైనా కనపడేట్టు చూడండి, దాన్ని లెక్కేసుకుంటాం. వచ్చేటప్పుడు మగ నల్లితోనే రండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కడప