కర్నూలులో బడి చూడబోయేవారికి కొన్ని శాస్త్రీయ సూచనలు

బదిలీ మీద కర్నూలు వచ్చిన కుటుంబం ఇల్లు చూసుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. బోరెంత లోతు, మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకొకసారి, పై అంతస్తయితే స్లాబు కాలుతుందా, మీటరు విడిగా ఉందా, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఒక్కటీ వదలరు. కుళాయి తిప్పి చూస్తారు, గోడ తట్టి చూస్తారు, దొడ్డి తలుపు గడియ వేసి తీసి మరీ చూస్తారు. అదే మనుషులు ఆ మధ్యాహ్నమే బడికి పోయి, ఏసీ గదిలో కూర్చుని, ఇచ్చిన రస్నా తాగి, నాలుగు రంగుల బ్రోచరు పట్టుకుని సంతకం పెట్టి వస్తారు. అద్దె ఇల్లు నచ్చకపోతే మూడు నెలల్లో మారొచ్చు. బడి మారాలంటే ఏడాది ఫీజు మొత్తం కక్కాలి. అయినా తట్టి చూసేది గోడనే. ఈ లోటు తీర్చడం ప్రజాసేవ కిందికి వస్తుంది కనుక ఈ సూచనలు.

మొదట ఫ్లెక్సీ చదవడం నేర్చుకోవాలి. ఏప్రిల్ వచ్చిందంటే రాజ్‌విహార్ నుంచి సి.క్యాంపు దాకా, అట్నుంచి నంద్యాల చెక్‌పోస్టు దాకా ఊరంతా చదువుల తల్లి నిలయమే. ఫ్లెక్సీలో పిల్లల ఫోటోలు పాస్‌పోర్టు సైజులో, కరస్పాండెంటుగారిది నిలువెత్తుగా ఉంటే అది క్రమశిక్షణ గల బడి. ర్యాంకులన్నీ పదో తరగతివి, మనం చేర్చేది ఒకటో తరగతి. ఈ చిన్న తేడాను పట్టించుకోకపోవడం సంస్కారం. మూడో తరగతి పాపకు ఆలిండియా ఏడో ర్యాంకు వచ్చిందని ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆగండి. 2009 విద్యాహక్కు చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లా బోర్డు పరీక్ష పాస్ కావలసిన అవసరం లేదు. మరి ఆ ర్యాంకు యాడిది? ఏదో ప్రైవేటు సంస్థ, తలకింతని ఫీజు కట్టించుకుని, బడిలోనే కూర్చోబెట్టి రాయించింది. ఫీజు కట్టింది పాప తండ్రి. ర్యాంకు వచ్చింది బడికి.

పేరు వెనక తోకలు కూడా చూడాలి. టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్, గ్లోబల్, ఇంటర్నేషనల్: ఇందులో ఒక్కటీ ప్రభుత్వమిచ్చిన గుర్తింపు కాదు, బోర్డు రాసే పెయింటరు అడుగుకింతని తీసుకుని రాసిచ్చేవి. ఇంటర్నేషనల్ అన్నంత మాత్రాన దేశదేశాల పిల్లలుంటారని ఎదురుచూడకండి, పక్కనున్న బళ్లారి పిల్లలు కూడా ఉండరు. ఉండేది కల్లూరు పిల్లలే. ఇక సీబీఎస్ఈ అనే మాట కారులో పోయేవాడికి కనిపించేంత పెద్దదిగా, దాని పక్కన ‘ప్యాటర్న్’ అనే మాట చీమకు మాత్రమే కనిపించేంత చిన్నదిగా ఉంటే, ఆ బడి రాష్ట్ర సిలబస్‌దే. పుస్తకాలు మాత్రం ఖరీదైనవి. నిజంగా అనుబంధం ఉన్న బడికి అఫిలియేషన్ నంబరు ఉంటుంది, ఆ నంబరు సీబీఎస్ఈ సైటులో కొడితే బడి పేరు, ఊరు, ఎన్నో తరగతి దాకా అనుమతి ఉందో వస్తాయి. ‘అప్లై చేసినాం సార్, వచ్చే ఏడు వచ్చేస్తాది’ అంటే, వచ్చే ఏడు వచ్చి చేర్పిస్తామని మర్యాదగా చెప్పి లేవండి.

ఇంతకంటే ముఖ్యమైన నంబరు ఇంకొకటుంది, దాన్ని అడిగే తల్లిదండ్రి కర్నూలులో కనిపిస్తే సన్మానం చేయవచ్చు. అది యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో ఒక్కో బడికీ ఉండే నంబరు. మొత్తం 11 అంకెలు, మన రాష్ట్రంలో 28తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ సైటులో ‘నో యువర్ స్కూల్’ అనే చోట ఈ కోడ్ గానీ బడి పేరు గానీ కొడితే టీచర్లెందరు, పిల్లలెందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అన్నీ బయటపడతాయి. ఆ వివరాలు ఇచ్చింది బడివాళ్లే కనుక అబద్ధమని వాళ్లు అనలేరు. సైటులో ఎనిమిది గదులు ఉండి, మీరు లెక్కపెడితే ఐదే ఉంటే, మిగతా మూడు ఎక్కడున్నాయని అడగడం మీ హక్కు. జవాబు చెప్పకపోవడం వాళ్ల ఆనవాయితీ.

ఈ కోడ్‌తో ఒక చిక్కుంది, కొత్తగా వచ్చినవాళ్లు సరిగ్గా ఇక్కడే పడతారు. గుర్తింపు లేని బడి, లేక మూడో తరగతి దాకానే గుర్తింపు ఉండి ఐదు దాకా నడిపే బడి, పిల్లల పేర్లను గుర్తింపున్న ఇంకో బడి లెక్కలో పెడుతుంది. పిల్లోడు కూర్చునేది వెంకటరమణ కాలనీలో, రికార్డులో చదివేది ఇంకో పేటలో. ఇది ఎప్పుడు తెలుస్తుందంటే టీసీ తీసుకునేటప్పుడు, లేకపోతే తల్లికి వందనం జాబితా వచ్చినప్పుడు. 2025లో ఆ పథకం కింద బిడ్డకు 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు తల్లి ఖాతాలో పడింది. పిల్ల పేరు ఏ బడిలో ఉందో, హాజరు 75 శాతం ఉందో లేదో చూసే ఆ డబ్బు వేస్తారు. అందుకని డబ్బు కట్టేముందు గేటు మీది పేరు, రసీదు మీది పేరు, యూడైస్‌లో పేరు మూడూ ఒకటేనా అని చూడండి. మూడు రకాలుగా ఉంటే ‘మూడు క్యాంపస్‌లు సార్’ అని చెప్తారు. నమ్మడం మీ ఇష్టం.

పాత ఊరి బడి పని కూడా సగంలో వదిలి రాకూడదు. టీసీ కాగితం చేతికొస్తే చాలనుకుంటారు. పాత బడివాళ్లు యూడైస్ పోర్టల్‌లో పిల్లను ‘టీసీ ఇచ్చి పంపినాము’ అని నమోదు చేస్తే, ఆ పేరు డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి మారే పిల్లల జాబితాలోకి పోతుంది. కొత్త బడివాళ్లు పిల్ల పెన్ నంబరు (ఆ పోర్టల్‌లో పిల్లకుండే శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొట్టి అక్కడినుంచి తీసుకోవాలి. పాత బడి ఆ పని చేయకపోతే మీ బిడ్డ కర్నూలులో ఇడ్లీ తింటూ ప్రొద్దుటూరులో చదువుతుంటాడు. పెన్ నంబరు, ఆధార్‌లో పేరు, టీసీలో పేరు, ఇంటిపేరు ముందుందా వెనకుందా అనేది కూడా, పాత ఊరు వదలకముందే సరిచూసుకోవడం మేలు. ఒక్క అక్షరం తేడాకు ఆధార్ సెంటరు చుట్టూ తిరగడం ఉంటుంది, జూన్ ఎండలో.

తర్వాతిది ప్రవేశ పరీక్ష. ఒకటో తరగతి పిల్లకు పరీక్ష పెట్టి చేర్చుకోవడం విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికి 25 వేల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. అందుకే కర్నూలులో ఏ బడీ పరీక్ష పెట్టదు. ‘ఇంటరాక్షన్’ పెడుతుంది. పిల్ల చేత వందదాకా అంకెలు, ఇంగ్లీషులో పన్నెండు పండ్ల పేర్లు, వాళ్ల నాన్న జీతం ఎంతో తెలిసేలా నాన్న ఉద్యోగం, చెప్పించుకుంటారు. ఉద్యోగం బాగుంటే పండ్ల పేర్లు ఎనిమిదొచ్చినా చాలు. అదే సెక్షన్ క్యాపిటేషన్ ఫీజు తీసుకున్నా తీసుకున్నదానికి పదింతల దాకా జరిమానా అంటుంది. కనుక డొనేషన్ కూడా లేదు. బిల్డింగ్ ఫండ్ ఉంది.

ఫీజు విషయంలో ఒక చారిత్రక సత్యం తెలియాలి. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 53తో నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి గ్రామ పంచాయతీల్లో 10 వేలు, మున్సిపాలిటీల్లో 11 వేలు, కార్పొరేషన్లలో 12 వేలని నిర్ణయించింది. కర్నూలు కార్పొరేషన్ కనుక 12 వేలు. యాజమాన్యాలు కోర్టుకు పోయాయి, ఆ డిసెంబరులోనే హైకోర్టు జీవోను కొట్టేసింది. ఇప్పుడు ఆ అంకె బుక్కుల బిల్లు చూసినప్పుడు గుర్తొస్తుంది.

ఫీజు అడిగితే పీఆర్వో నోటితో చెప్పడు. విజిటింగ్ కార్డు వెనక పెన్సిలుతో రాసి, రాసింది వేలితో సగం కప్పి చూపిస్తాడు. ఆ కార్డు తీసుకోకండి. ఒక తెల్లకాగితం ఇచ్చి అన్ని పద్దులూ పేరుపేరునా రాయమనండి. ఉదాహరణకు ట్యూషన్ ఫీజు 30 వేలన్నారనుకుందాం. అప్లికేషను, అడ్మిషను 2 వేలు. పుస్తకాల సెట్టు 6 వేలు. రెండు జతల యూనిఫారం, బుధవారం తెల్ల డ్రస్సు, టై, బెల్టు, రెండు రకాల బూట్లు 4 వేలు. బస్సు నెలకు 1,200 చొప్పున పది నెలలకు 12 వేలు. డిజిటల్ క్లాసు, పరీక్షలు, యాన్యువల్ డే కలిపి 3 వేలు. మొత్తం 57 వేలు, అంటే చెప్పినదానికి దాదాపు రెట్టింపు. ఇవన్నీ రాశాక ఇంకో రెండు ప్రశ్నలు: వచ్చే ఏడు ఎంత పెంచుతారు? మధ్యలో బదిలీ అయితే ఎంత తిరిగిస్తారు? మొదటిదానికి ‘నామినల్ సార్’ అంటారు. రెండోదానికి నవ్వుతారు. ఆ నవ్వు కూడా కాగితం మీద రాయించుకోవాలి.

ఇప్పుడు క్యాంపస్ టూర్. కంప్యూటర్ ల్యాబు చూపిస్తారు, కంప్యూటర్ల మీద కొత్త పెళ్లికూతురు ముసుగులా కవర్లుంటాయి. డిజిటల్ బోర్డు మీద డైనోసార్ పరుగెత్తుతుంది. అవి చాలు. మీ బిడ్డ కూర్చోబోయే గది ఏదని అడిగితే ‘పైన ఉంది సార్, క్లాసు జరుగుతోంది’ అంటారు. పైకి పోండి. చాలా చోట్ల చిన్న పిల్లల తరగతులు అన్నిటికంటే పై అంతస్తులోనే ఉంటాయి, రేకుల కింద. ఎందుకంటే కింది అంతస్తు ఆఫీసుకు, పెద్ద తరగతుల వాళ్లకు పోయింది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి కర్నూలు రేకు ఏ స్థితికి వస్తుందో ఊరివాళ్లను అడగాల్సిన పనిలేదు. రేకుల కింద సీలింగ్ ఉందా, ఫ్యాన్లు ఎన్ని, రెండువైపులా కిటికీలు ఉన్నాయా చూడండి. బెంచీలు లెక్కపెట్టండి. పదిహేను బెంచీలు, బెంచీకి ముగ్గురంటే 45 మంది. చట్టం చెప్పింది ప్రాథమిక తరగతుల్లో 30 మందికొక టీచరు. మెట్లు చూడండి, ఇద్దరు పిల్లలు పక్కపక్కన దిగే వెడల్పు ఉందా, ఇంకో దారి ఉందా, ఉంటే దానికి తాళం వేశారా. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు: 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో 94 మంది పిల్లలు కాలిపోయిన బడికి పైన ఆకుల కప్పు, కిందికి ఇరుకు మెట్లు.

మరుగుదొడ్డి చూడ్డానికి మంచి ముహూర్తం మధ్యాహ్నం అన్నాల తర్వాత, ఒకటిన్నర ప్రాంతం. పొద్దున్నే తొమ్మిదింటికి ఏ దొడ్డయినా ఫినాయిల్ వాసనే వస్తుంది. కుళాయిలో నీళ్లు, మగ్గు, ఐదేళ్ల పిల్లకు అందే ఎత్తులో గడియ. ఆడపిల్లలకు విడిగా. చూడనివ్వకపోతే చూసినట్టే.

టీచర్ల సంగతికి వస్తే మనవాళ్లు ఒక్క ప్రశ్నా అడగరు, బహుశా మొహమాటం. మే నెల ఎండలో మీ ఇంటి గుమ్మంలో నిలబడి, గొడుగు మూసి, ‘మా స్కూల్లో చేర్పించండి మేడమ్’ అని కరపత్రం ఇచ్చిందే, ఆమే మీ బిడ్డ క్లాస్ టీచరు. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే వేసవి జీతం అని ఆమెకు లెక్క కట్టి పంపుతారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఎన్నేళ్లుగా ఆ బడిలో ఉన్నారో, ఏ తరగతికి చెప్తారో, డీఎడ్ గానీ బీఎడ్ గానీ చేశారో అడిగితే కరస్పాండెంటు చెప్పనివి చాలా తెలుస్తాయి. ఇంకో ఆధారం సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర దొరుకుతుంది: ఆటోవాళ్లు, ఆయమ్మలు. ‘ఏం జెప్పల్ల అన్నా, పోయినేడు ఉన్న మేడమోళ్లల్లో ఇద్దురే మిగిలినారు’ అని ఆటో అన్న అన్నాడంటే, ఆ ఒక్క మాట బ్రోచరు మొత్తానికి సమానం. టీచరు ఏడాది మధ్యలో పోతే ఒకటో తరగతి పిల్ల చదవడం నేర్చుకునే క్రమం తెగిపోతుంది. కొత్తామె వచ్చి మళ్లీ ‘ఎ ఫర్ యాపిల్’ నుంచి మొదలుపెడుతుంది. పిల్ల ఇంట్లో ఏడాదంతా యాపిలే ఉంటుంది.

మీ వీధిలో ఆ బడికే పోయే రెండో తరగతి పిల్ల ఉంటే నోటుబుక్కు అడిగి చూడండి. తప్పు స్పెల్లింగు మీద ఎర్ర టిక్కు ఉందా? ప్రశ్నాజవాబులన్నీ బోర్డు మీదివి ఎక్కించినవేనా? ఆ పిల్లకు పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు, ఇంగ్లీషువి రెండు, తెలుగువి రెండు ఇచ్చి చదవమనండి. ‘మే ఐ కమిన్ మేడమ్’ గడగడా వచ్చి, కొత్త వాక్యం దగ్గర పిల్ల తల్లి ముఖం చూస్తే, బడి ఏం నేర్పుతోందో తెలిసినట్టే. సంచి కూడా తూయండి, కూరగాయల కాటా చాలు. 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, హోంవర్కు అసలే వద్దు. ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం ఒక్కటే ఎంత తూగుతుందో చూస్తే పునాది గట్టిదని నమ్మకం కుదురుతుంది.

బస్సు ‘మీ వీధికే వస్తుంది సార్’ అంటారు. వస్తుంది, ఏడుంపావుకు. మీ ఇంటికీ బడికీ మధ్య రెండు కిలోమీటర్లే, కానీ బస్సు హంద్రీ దాటి ఊరంతా తిరిగి పోతుంది. ఎక్కే వేళ, దిగే వేళ పీఆర్వోను కాకుండా డ్రైవరునే అడగండి. బస్సు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది కనుక జూన్‌లో బడి తెరిచాక మళ్లీ చూడాలి. లోపల ఆయమ్మ ఉందా, మంటలార్పే సిలిండరు ఉందా, ఉంటే దాని మీద తేదీ ఏ ఏడాదిది. ఇక ఆటో అయితే లెక్కపెట్టక్కర్లేదు, బయటకు వేలాడే సంచులను బట్టి అంచనా వేయవచ్చు.

ఇన్నీ చూసి, రేపు చెప్తామని లేచేసరికి చివరి అస్త్రం వస్తుంది: ‘సెక్షన్‌లో ఇంక రెండే సీట్లు ఉన్నాయి సార్, ఈ పొద్దే కట్టేస్తే ఆపుతా.’ కంగారు పడొద్దు. ఆ రెండు సీట్లు జనవరి నుంచీ ఉన్నాయి. ఆగస్టులో పోయి అడిగినా అవే రెండు సీట్లు ఉంటాయి, కాకపోతే అప్పటికి ఫీజు 3 వేలు తగ్గి, బ్యాగు ఫ్రీగా ఇస్తామంటారు.